జేబు లేని చొక్కాలు

వెంగ్ గెన్‌ఫా చొక్కాల్లో ఒక్కదానికీ ఎడమవైపు జేబు లేదు. భార్య లింగ్‌ఫెన్ బ్లేడుతో కుట్లు విప్పి అన్నీ తీసేసింది. పాత చొక్కాల మీద జేబు ఉన్నచోట గుడ్డ రంగు వెలవకుండా నలుచదరంగా మిగిలిపోయింది. ప్రతి ఉదయం గుండీలు పెట్టుకోగానే గెన్‌ఫా కుడిచెయ్యి ఆ నలుచదరం మీదికి వెళ్తుంది. ఏదో జారవిడుస్తున్నట్టు రెండు వేళ్ళూ విచ్చుకుంటాయి. అక్కడ పట్టుకునేది ఏదీ లేదు గనక చెయ్యి మళ్ళీ కిందికి దిగుతుంది.

ఆ జేబులో ఉండాల్సింది బొటనవేలంత అయస్కాంతం ముక్క. చైనాలో నింగ్‌బో నగరం శివార్లలో ఉన్న ఈ ఊళ్ళో అది లేని మనిషి ఉండడు. ఊరంతా అయస్కాంతాల ఫ్యాక్టరీలే. పనివాళ్ళు ఆ ముక్కని చిన్నప్పుడు మెళ్ళో వేసిన తాయెత్తులా వెంట తిప్పుకుంటారు. మూకుడు కొనే ముందు అడుగున ఆనించి చూస్తారు. స్టీలు కుళాయి నిజంగా స్టీలేనా అని చూస్తారు. వంతెనకి కొత్త రెయిలింగు వేస్తే సాయంత్రానికల్లా ముసలాళ్ళు వరసగా వెళ్ళి ఆనించి వస్తారు. తూకం పెరగడానికి చేప కడుపులో ఇనప గుళ్ళు దాచారేమోనని పసుపు చేపకి కూడా ఆనించి చూసే ముసలమ్మ ఒకావిడ ఉంది. ఆ గుళ్ళు సీసపువైతే ఏం చేస్తావమ్మా అని అడిగితే బూతులు తిడుతుంది. చూడటం అయ్యాక ఎవరైనా చేసేది ఒకటే. ముక్కని ఎడమ జేబులోకి జారవిడుస్తారు.

గెన్‌ఫాకి చర్మం కింద సరిగ్గా ఆ జేబు వెనకే ఇప్పుడొక యంత్రం ఉంది.

అతను వరి మడి నుంచి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చినవాడు. మొదట పొడి విభాగంలో వేశారు. అక్కడ నియోడిమియం కలిపిన లోహాన్ని కరిగించి, పలకలుగా పోసి, ముఖానికి రాసుకునే పౌడరు కంటే మెత్తగా దంచుతారు. ఆ పొడికి గాలి తగిలితే నిప్పంటుకుంటుంది. అందుకని గాలి చొరని పెట్టెలో నత్రజని నింపి, పెట్టె గోడకి బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి పని చేయాలి. అచ్చులో పోసిన పొడికి బయటినుంచి బలమైన అయస్కాంత శక్తి పట్టిస్తే రేణువులన్నీ ఒకే వైపు ముఖం తిప్పుతాయి. అలా ఉండగానే ఒత్తేస్తారు. గాలి తోడేసిన కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాక పొడి కాస్తా కుదించుకుపోయి, ఇటుకలా గట్టిపడిన నల్ల దిమ్మ బయటికొస్తుంది. దాన్ని కోసి, రుద్ది, నికెలు పూత పూస్తారు. ఇంత చేసినా అది చచ్చిన రాయే. గుండుసూదిని కూడా లాగదు.

ప్రాణం పోసేది చివరి గదిలో. గెన్‌ఫా తర్వాత వెళ్ళి కుదురుకున్నది ఆ గదిలోనే. రాగితీగ చుట్టలో ముక్కని పెట్టి, కాలికింద మీట తొక్కితే, గోడ పక్కనున్న పెట్టెల్లో పోగైన కరెంటంతా ఒక్క దెబ్బన తీగలోకి దూకుతుంది. ధడ్‌మని మోత. అంతే. అంతవరకూ రాయిగా ఉన్నది ఆ క్షణం నుంచి వేళ్ళు తినేస్తుంది. గెన్‌ఫాతో కలిసి పనిచేసే అమావో ఎడమచేతి ఉంగరం వేలి చివర అలాగే పోయింది. రెండు ముక్కల మధ్య పడి, వేరుసెనగ పలుకులా చితికింది. కార్ల మోటార్లకీ, లిఫ్టులకీ, గాలిమరలకీ, ఆడవాళ్ళ చేతిసంచీ మూతలకీ అన్నింటికీ ఇక్కడి ముక్కలే. గెన్‌ఫా తాగినప్పుడు ఒక మాట అనేవాడు:

"నేను తొక్కకపోతే ఇవన్నీ పెంకుముక్కలు."

"నువ్వు తొక్కకపోతే ఇంకోడు తొక్కుతాడు" అనేవాడు అమావో.

"తొక్కుతాడు. కానీ నాలా తొక్కడు."

ఆ గది తలుపు మీద గుండె బొమ్మా, దాని మీద అడ్డంగా ఎర్రగీతా ఉన్న కాగితం ఉంటుంది. గుండెకి యంత్రం పెట్టించుకున్నవాళ్ళు లోపలికి రాకూడదని. అది అంటించింది గెన్‌ఫానే. అంటించిన కొత్తలో సరుకు తీసుకుపోవడానికొచ్చిన ఒక లారీ డ్రైవరు, తన గుండెకీ యంత్రం ఉందని తనంతట తానే చెప్పాడు. గెన్‌ఫా అతన్ని వరండాలోంచి కూడా బయటికి తోలాడు. "లోపలికొచ్చి చచ్చావంటే ఊడ్చేది నేనే, అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. సరుకు ఎక్కించేదాకా ఆ మనిషి గేటు బయట వానలో, నెత్తిమీద అట్టపెట్టె పెట్టుకుని నిలబడ్డాడు. ఆ సంగతి గెన్‌ఫాకి మొన్నమొన్నటిదాకా గుర్తులేదు.

అతను మొదటిసారి పడిపోయింది మీట తొక్కుతూనే. ధడ్‌మని మోత వచ్చింది, దాంతోపాటే మనిషి కూలాడు. వేషాలేస్తున్నాడనుకుని అమావో, "లేవయ్యా, అన్నం వేళైంది" అని కాలితో పొడిచాడు. పెదాలు నల్లబడటం చూశాక గానీ కేక పెట్టలేదు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ నాడి చూసి, మళ్ళీ చూసి, గుండె కొట్టుకోవాల్సిన దాంట్లో సగం కొట్టుకుంటోందని చెప్పింది. పేస్‌మేకర్ పెట్టాలంది. తర్వాత అడిగింది:

"ఏం పని చేస్తారు పెద్దాయనా?"

"అయస్కాంతాలు."

ఆమె చెయ్యి ఆగింది. "ఎంత దూరంలో ఉంటాయి మీకు?"

"దూరమేంటమ్మా? చేతుల్లోనే."

"ఇక ఆ పని వద్దు."

"ఇంకో రకం యంత్రం లేదా డాక్టరమ్మా? మా సరుకు అంటని రకం?"

"ఏ రకమైనా అంతే. దాని మీద అయస్కాంతం పెడితే అది మీ గుండె మాట వినడం మానేస్తుంది. మెట్లెక్కినా, పడుకున్నా ఒకే వేగంతో కొట్టిస్తుంది. తీసేస్తే మళ్ళీ మామూలవుతుంది. మేం పరీక్ష చేసేది కూడా అలాగే. ఒక నిమిషం పెడితే ఏం కాదు. గంటలకొద్దీ ఉంచితే మాత్రం ఏమవుతుందో నేను చెప్పలేను."

గెన్‌ఫా ఒప్పుకోలేదు. ఎండకి కళ్ళు తిరిగాయన్నాడు, తిన్నది పడలేదన్నాడు. లింగ్‌ఫెన్ కూడా అదే ఫ్యాక్టరీలో, ప్రాణం పోసిన ముక్కల్ని అట్టపెట్టెల్లో సర్దే చోట పని చేస్తుంది. ఆ గదేంటో ఆమెకీ తెలుసు.

"ఆ గది నీ పెళ్ళామా, నేనా?" అంది.

"గది నన్ను అరవదు."

"అరవదు, నిజమే. చచ్చాక మోయదు కూడా."

"యంత్రం పెట్టించుకుంటే మోయడానికేం మిగుల్తుంది నాలో? గేటు దాటనివ్వరు. ఊళ్ళో ఎటు వెళ్ళినా అయస్కాంతమే. పొద్దస్తమానం నీ మొహం చూస్తూ కూర్చోవాలా?"

"నా మొహం కూడా ఉండదులే, నేను పన్లో ఉంటా."

రెండోసారి పడిపోయినప్పుడు చేతిలో మరిగే పులుసు గిన్నె ఉంది. పులుసు గోడమీద పడింది. మనిషి మీద పడాల్సింది. ఆ గోడ మరకని లింగ్‌ఫెన్ పొద్దుపోయేదాకా తుడిచింది. మర్నాడు గెన్‌ఫా తనంతట తానే చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు.

ఆపరేషను బాగా జరిగింది. గాయం మానింది. మానాక విభాగం పెద్ద బావో ఇంటికొచ్చాడు. చేతిలో పళ్ళ బుట్ట తెచ్చాడు. గడపలోనే నిలబడి మాట్లాడాడు. "మేస్త్రీ, నువ్వు లేకపోతే గది గదిలా లేదు. కానీ తలుపు మీద బొమ్మ నువ్వు అంటించిందే. నేనేం చెయ్యను?"

అప్పుడు గుర్తొచ్చాడు లారీ డ్రైవరు.

ఇంట్లో పద్ధతులు మారాయి. లింగ్‌ఫెన్ పని నుంచి రాగానే బయట వసారాలో బట్టలన్నీ మార్చుకుని, జుట్టు దులుపుకుని, అప్పుడు లోపలికొస్తుంది. ముక్కల్లోంచి రాలిన రజను ఎక్కడ అంటుకుని ఉంటుందోనని ఆమె భయం. పెళ్ళైన దగ్గర్నుంచీ అతనికి ఎడమవైపు పడుకున్న మనిషి కుడివైపుకి మారింది. కొత్తలో ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

సాయంత్రాలు బిళ్ళలతో ఆడే మాజాంగ్ ఆటకి వెళ్ళేవాడు గెన్‌ఫా. ఇప్పటి ఆటబల్లలు బిళ్ళల్ని వాటంతటవే కలిపి, పేర్చి పైకి పంపిస్తాయి. అందుకోసం ప్రతి బిళ్ళలోనూ చిన్న అయస్కాంతం ఉంటుంది. అవి కూడా ఈ ఊళ్ళో చేసినవే. అంత చిన్నవాటితో ప్రమాదం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆటగాళ్ళు నమ్మలేదు. గెన్‌ఫా కుర్చీ లాక్కోగానే ఒకడు, "మేస్త్రీ, నువ్వు వెనక్కి వాలి ఆడు" అన్నాడు. ఇంకొకడు, "ఆఖరి బిళ్ళ నీకొచ్చి గుండె ఆగిపోతే, గెలిచినట్టా ఓడినట్టా?" అన్నాడు. నవ్వు ఆగిపోయాక అందరూ తమ బిళ్ళలు మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టడం మొదలెట్టారు. అది చూసి గెన్‌ఫా లేచి వచ్చేశాడు.

చూడ్డానికొచ్చేవాళ్ళు ఇనప గేటుకి తమ ముక్కలు అంటించి లోపలికి వచ్చేవాళ్ళు. ముగ్గురు నలుగురు కలిసి వస్తే ఆ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయేవి. వెళ్ళేటప్పుడు నాది ఇది, నీది అది అని గేటు దగ్గర పెద్ద గొడవ. గెన్‌ఫా కిటికీలోంచి ఆ గొడవ వినేవాడు. లోపల కూర్చున్నంతసేపూ మాట్లాడిన మాటలకంటే గేటు దగ్గరి గొడవే అతనికి బాగుండేది. రాను రాను ఆ అంటించడం, పీక్కోవడం చికాకనిపించి రావడం తగ్గించారు.

అమావో ఒక్కడే మానలేదు. ఇప్పుడు మీట తొక్కేది అతనే. ఒకరోజు వస్తూనే చెప్పాడు:

"కోతశాలలో అతికే బల్ల దగ్గర ఒకావిడ మానేసింది. అక్కడుండేవి నల్ల దిమ్మలే. ప్రాణం లేనివి. నీకు ఏమీ అంటదు."

"బావో ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకున్నాడు. నేను పూచీ ఉన్నా."

"నువ్వు పూచీయా! నీ వేలికే నువ్వు పూచీ లేవు."

"అందుకే తొమ్మిది వేళ్ళు ఎత్తి ఒట్టేశా" అన్నాడు అమావో.

బావో పెట్టిన షరతు ఒకటే. కోతశాల దాటి అవతల నేల మీద పసుపు గీత ఉంది. దాన్ని దాటకూడదు. ఎప్పుడైనా అయస్కాంతం దగ్గర కనబడితే ఆ రోజుతో సరి.

గెన్‌ఫా అడిగింది కూడా ఒకటే. పాత కోటు. దాని ఎడమ జేబు మీద ఎర్ర దారంతో పదిహేడు అని కుట్టి ఉంటుంది. అది అతని నంబరు. సామాన్ల గదిలో వెతికించి ఇచ్చారు. కోట్లు ఇంటికి తీసుకెళ్ళే అలవాటు ఎవరికీ లేదు, కొక్కాలకే వేలాడుతుంటాయి. ఆ కోటు సంగతి లింగ్‌ఫెన్ సర్దేవాళ్ళ మధ్య ఎవరో అంటే విన్నది.

"కోటుకి జేబుందంట."

"ఉంది. నంబరు దానిమీదేగా ఉండేది."

"ఇంటికి తే. జేబు విప్పి నంబరు భుజం మీద కుడతా."

"భుజం మీద నంబరు రోజుకూలీ వాళ్ళకి."

"అయితే జేబు అలాగే ఉంచి మూతి కుట్టేస్తా. పైకి తెలీదు."

"మూతి కుట్టిన జేబుతో తిరగమంటావా? కోతశాలంతా ఆడవాళ్ళే. పగలబడి నవ్వుతారు."

"నవ్వితే నవ్వారు."

"ఆదివారం తెస్తాలే."

తేలేదు. తర్వాతి ఆదివారం కూడా తేలేదు. లింగ్‌ఫెన్ అడిగిందా అంటే అడిగింది. బతిమాలిందా అంటే, ఆ రోజుల్లో అతను అన్నం బాగా తింటున్నాడు, రాత్రి పడుకోగానే గురక పెడుతున్నాడు. ఆమె గట్టిగా అడగలేకపోయింది.

కోతశాల ఎప్పుడూ తడిగా ఉంటుంది, నూనె వాసన కొడుతుంది. నల్ల దిమ్మల్ని గాజు పలకల మీద జిగురుతో వరసగా అతికించి, సన్నటి తీగలు పరిగెత్తే యంత్రాలకింద పెడితే అప్పడాల్లా పలుచగా కోసుకొస్తాయి. అతికేటప్పుడు ఒక్క సంగతి చూసుకోవాలి. రేణువులు ఏ వైపు ముఖం తిప్పి ఉన్నాయో తెలియడానికి ప్రతి దిమ్మ మీదా ఎర్రగీత ఉంటుంది. గీతలన్నీ ఒకే వైపు ఉండాలి. అడ్డంగా అతికితే కోత బాగానే వస్తుంది, పూత బాగానే పడుతుంది, కొలతలూ సరిపోతాయి. చివరి గదిలో మీట తొక్కినప్పుడు మాత్రం ప్రాణం పట్టదు. సరుకంతా చెత్త.

అక్కడ పెద్ద యాజెన్. నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది. వచ్చిన మొదటిరోజే, "మేస్త్రీ గారూ, మా దగ్గర ఉరుములూ మెరుపులూ లేవు. కూర్చుంటే నిద్రొస్తుందేమో చూసుకోండి" అంది. అందరూ అతనికి బ్యాటరీ మేస్త్రీ అని పేరు పెట్టారు. కరెంటు పోయిన రోజున, "మేస్త్రీకి తీగ తగిలించండే, ఒక యంత్రమన్నా తిరుగుద్ది" అని నవ్వారు. గెన్‌ఫా కూడా నవ్వాడు. పొద్దున్నంతా పని చేస్తూ, చివరి గది నుంచి గోడలగుండా వచ్చే ధడ్ ధడ్ మోత వినేవాడు. మధ్యాహ్నం భోజనశాలలో అమావో ఎదురుగా కూర్చుని, ఆవకూర వేసి వేయించిన బియ్యపు బిళ్ళలు తింటూ, తొక్కడంలో తొందర ఎక్కువైంది అని చెప్పేవాడు. "నువ్వు జిగురు పూసుకో" అనేవాడు అమావో.

ఒకరోజు దిమ్మల బుట్ట ఒకటి జారి కడిగే తొట్టిలో పడింది. తొట్టిలో ఉన్నది వేడి క్షారపు నీళ్ళు. తీసేటప్పటికి ఒక్క దిమ్మ మీద కూడా ఎర్రగీత లేదు. పొడుగు దిమ్మలైతే ఆకారాన్ని బట్టి చెప్పొచ్చు. ఇవి అన్ని వైపులా సమానంగా, బెల్లపచ్చుల్లా ఉన్నాయి. యంత్రాలు ఖాళీగా ఉన్నాయి. యాజెన్ మొహం పాలిపోయింది. బుట్ట జారింది ఆమె చేతిలోంచే.

ఇలాంటప్పుడు చేసే పద్ధతి ఒకటుంది. అయస్కాంతం ముక్కని దిమ్మకి మూడు వైపులా ఆనించి చూడాలి. ముఖమున్న వైపు లాగుడు వేరుగా ఉంటుంది. దానికోసమే కోతశాల చివర ఇనప బీరువాకి ఒక ముక్క అంటించి ఉంచుతారు. యాజెన్ దాన్ని తెచ్చి, గెన్‌ఫాకి దూరంగా నిలబడి, ఆనించి చూసింది.

"ఇదా?"

"నన్నడిగితే? చెయ్యి నీది."

"నాకన్నీ ఒకేలా ఉన్నాయి మేస్త్రీ. ఇదనుకుంటా. కాదు, ఇది."

"అనుకుంటే కుదరదమ్మా. ఇటివ్వు."

"అమ్మో, నేనివ్వను."

"చెయ్యి చాచి పట్టుకుంటా. చేతికీ గుండెకీ ఎంత దూరముందో చూడు. బల్ల ఇటు జరుపు."

ఆమె అటూ ఇటూ చూసింది. ఇచ్చింది.

గెన్‌ఫా కుడిచెయ్యి నిటారుగా చాచి, దిమ్మలకి ఒక్కొక్కటిగా ఆనించడం మొదలెట్టాడు. మొదటి రెండిటికీ తడబడ్డాడు. మూడోదానికి వేలికి తెలిసిపోయింది. తర్వాత ఆగలేదు. ఎడంచేత్తో దిమ్మ తిప్పడం, కుడిచేత్తో ఆనించడం, పెన్నుతో గీత గీయడం. ఆడవాళ్ళు చుట్టూ చేరి చూస్తున్నారు. ఎవరూ వెటకారం ఆడలేదు. బుట్ట ఖాళీ అయ్యింది. చివరి దిమ్మ మీద గీత గీశాక పెన్నుకి మూత పెట్టడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. కుడిచేతి వేళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని అప్పుడూ చేశాయి.

ముక్కని బీరువాకి తిరిగి అంటించాడనే యాజెన్ అనుకుంది. గెన్‌ఫా కూడా అలాగే అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా అతనికి గుండె చప్పుడు వినబడుతూనే ఉంది. ఒకే తీరుగా, కొంచెం గట్టిగా, గోడగడియారంలా కొట్టుకుంటోంది. చాన్నాళ్ళకి పనికొచ్చే పని చేసిన సంతోషం అనుకున్నాడు. భోజనశాల మెట్లెక్కేటప్పుడు ఆయాసం వచ్చింది. గుండె మాత్రం మెట్లని పట్టించుకోకుండా అదే వేగంతో నడిచింది. రెయిలింగు పట్టుకుని నిలబడి, వయసైపోతోంది అనుకున్నాడు. అమావోకి దిమ్మల సంగతి చెప్పాడు. "గీతలు తప్పితే నీ గదిలో తెలుస్తుంది, చూసి చెప్పు" అన్నాడు.

పని దిగే వేళకి జిగురు డబ్బాలు బీరువాలో పెట్టాలి. గెన్‌ఫా అవి పట్టుకుని వెళ్ళి, కింది అరలో పెట్టడానికి వంగాడు. కోటు ముందుకి వేలాడింది. టప్‌మని చప్పుడైంది.

కోటు జేబు బీరువా తలుపుకి అతుక్కుంది. అతను లేవబోతే లేవనివ్వలేదు. వంగిన మనిషి వంగినట్టే, ఇనప తలుపుకి ఛాతీ ఆనించి నిలబడిపోయాడు.

కోతశాలలో యంత్రాలన్నీ అప్పటికే ఆపేశారు. అందుకని ఆ చప్పుడు అందరికీ వినబడింది. మొదట ఒకమ్మాయి నవ్వింది. తర్వాత అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యాజెన్ పరిగెత్తుకొచ్చింది. "కదలకు, మేస్త్రీ, కదలకు" అంటూ కోటు గుండీలు విప్పి, పసివాణ్ణి చొక్కాలోంచి తీసినట్టు అతన్ని కోటులోంచి వెనక్కి లాగింది. ఖాళీ కోటు జేబు దగ్గర అతుక్కుని బీరువాకి అలాగే వేలాడింది. పదిహేడు అంకె తలుపుకి ఒత్తుకుపోయి కనబడలేదు.

గెన్‌ఫా బనీనుతో నిలబడ్డాడు. గుండె గడియారంలా కొట్టుకోవడం మానేసి, భయపడ్డవాడి గుండె ఎలా కొట్టుకోవాలో అలా కొట్టుకోవడం మొదలెట్టింది.

బావో కోప్పడలేదు. తన గదిలో కూర్చోబెట్టి వేడినీళ్ళు ఇచ్చాడు. "నువ్వు ఇక్కడ పోతే నిన్ను చంపిన పేరు నాది మేస్త్రీ. ఆ పేరు నాకొద్దు" అన్నాడు.

"జేబు మూతి కుట్టించుకుని వస్తా" అన్నాడు గెన్‌ఫా.

"జేబుదేముంది? చెయ్యి కుట్టించుకోగలవా?"

గెన్‌ఫా తన చెయ్యి వంక చూసుకున్నాడు.

యాజెన్‌ని పెద్దరికం నుంచి తీసేసి తొట్టి కడగడానికి వేశారు. ముక్క అతని చేతికిచ్చింది తనేనని ఆమే చెప్పుకుంది. గెన్‌ఫా ఆమెకి కబురంపాడు. ఆమె నుంచి తిరుగు కబురు రాలేదు.

ఆ సాయంత్రం అతను ఇల్లు చేరేసరికే సర్దేవాళ్ళ ద్వారా లింగ్‌ఫెన్‌కి తెలిసిపోయింది. ఆమె వసారాలో బట్టలు మార్చుకుని, జుట్టు దులుపుకుని లోపలికొచ్చింది. బియ్యం కడిగి పెట్టింది. పొయ్యి వెలిగిస్తూ అంది:

"ఆదివారం తెస్తానన్నావు."

అతను గిన్నెలు అందుకుని బల్ల మీద పెట్టాడు.

కొన్నాళ్ళకి అమావో ఫోను చేశాడు. గెన్‌ఫా దాన్ని కుడిచెవికి పెట్టుకున్నాడు.

"ఆ దిమ్మల ముక్కలు ఇవాళ నా గదికి వచ్చాయి."

"పట్టాయా?"

"అన్నీ పట్టాయి. ఒక్కటీ పోలేదు."

"మంచిది."

"నీ చెయ్యి నీదేనయ్యా."

"బావో కూడా అదే అన్నాడు" అన్నాడు గెన్‌ఫా.

అమావో వస్తానన్నాడు, రాలేదు. పూచీ ఉన్నందుకు అతనికీ చీవాట్లు పడ్డాయని లింగ్‌ఫెన్ చెప్పింది. ఇనప గేటుకి ఇప్పుడు ఏమీ అంటుకుని ఉండటం లేదు. అంటించి అంటించి రంగు లేచిపోయిన చోట తుప్పు పట్టింది. గెన్‌ఫా పొద్దున్నే లేచి, చొక్కా వేసుకుని, నలుచదరం మీద చెయ్యి పెట్టి దించుతాడు. లింగ్‌ఫెన్ పనికి వెళ్ళాక వంట చేస్తాడు. గాలి ఇటువైపు వీచిన రోజున చివరి గది మోత ఇంటిదాకా వినబడుతుంది. అప్పుడు కిటికీ మూసేస్తాడు.

ఆసుపత్రికి రమ్మన్న రోజున ఇద్దరూ వెళ్ళారు. డాక్టరమ్మ అతని ఛాతీ మీద అరచేతంత పరికరం ఆనించి, తెర మీద గీతలు చూసింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ కొన్ని గంటలపాటు యంత్రం మీ గుండె మాట వినలేదు. ఆ రోజు ఏం చేశారు పెద్దాయనా?"

"పని చేశాను."

"ఎలా అనిపించింది?"

గెన్‌ఫా ఆలోచించాడు. పక్కనే లింగ్‌ఫెన్ కూర్చుని ఉంది.

"బాగుంది" అన్నాడు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, మళ్ళీ అలా చేయొద్దని చెప్పింది. అలా చేసేందుకు ఇక పనే లేదని లింగ్‌ఫెన్ చెప్పింది. అదృష్టం బాగుంది, గుండెకి ఏమీ కాలేదు, తీగలు కదల్లేదు, యంత్రానికి దెబ్బ తగల్లేదు అంది డాక్టరమ్మ. చొక్కా వేసుకోమంది. అతను గుండీలు పెట్టుకుంటుంటే తెర మీద చివరి అంకె చూసి చెప్పింది. బ్యాటరీ ఇంకా తొమ్మిదేళ్ళు వస్తుంది.